బదిలీ కాగితంల ఆరో గడి

ఆరో గడిల "కారణం" అని ఉంది.
రెండు గీతలంత జాగ.
దేవరకొండ జిరాక్సు దుకాణంల ఐదు రూపాయలకు తెచ్చిన ఫారం
మూడు దినాలసంది దిండు కింద నలుగుతున్నది.
రేపు అయిదింటికి ఆఖరు.

బస్సు సంగతి రాద్దామా?
పొద్దుగాల ఏడింటిది పోతే
మళ్ల పొద్దుగూకినంకనే ఇంకోటి.
అది రాస్తే ఈ ముచ్చట గూడ రాయాలె:
నేను కనపడకుంటే డ్రైవరు నిరంజను
రెండుసార్లు హారన్ కొట్టి
నా తలుపు దిక్కు చూసుకుంట బస్సాపుతడు.
లోపలున్నోళ్లు గునుగుతుంటే
"సిస్టరమ్మ జడేసుకుంటుండొచ్చు, ఆగున్రి" అంటడు.
రెండు గీతలల్ల పట్టదు.

నీళ్లు.
బోరు నీళ్లల్ల కందిపప్పు ఉడకదు.
గంటసేపు పొయ్యి మీదున్నా
గింజకు గింజ మాట్లాడుకోనట్టే ఉంటది.
నల్లాలొచ్చి కొన్నేండ్లాయె, నల్లా రాని దినం మళ్ల బోరే.
యాభై దాటినోళ్ల మోకాళ్లు మాత్రం
ఆ పాత నీళ్లనే ఇంకా మోస్తున్నయి.
జంగమ్మ మెడ తిరగది.
పక్కకు చూడాల్నంటే మనిషంత తిరగాలె.
"నువ్వే నా ముందలికి రా బిడ్డా,
నేను మళ్లుడంటే మొద్దుబండి మళ్లినట్టు" అని నవ్వుతది.
పండ్ల మీద గోధుమరంగు చారలు.
"చూసినవా, పుట్టపాక చీరంచు.
నేసినోనికి రూపాయి ఇయ్యకుంట వచ్చింది."
నేను బీపీ పట్టీ బిగించి గాలి కొడ్తుంట,
నవ్వాల్నో వద్దో తెల్వక.

హస్తినాపురంల మా అక్క మూడో అంతస్తుల ఉంటది.
మా దిక్కు నేల కిందికెళ్లి పోయే కృష్ణ పైపే
ఆమె వంటింట్ల తేలుతది.
మొన్న పోతే పావుగంటల పప్పు మెత్తగైంది.
ఎంత కోపమొచ్చిందో.
ఆ కోపంతోనే రెండుసార్లు పెట్టించుకొని తిన్న.
ఎదురింటోళ్ల పేరడిగితే అక్కకు తెల్వదు.
నా పేరు గూడ ఎవ్వరికి తెల్వని ఆ బిల్డింగుల
ఎన్నడు లేని నిద్ర పట్టింది నాకు.
ఈడ నేనేం కూరొండిన్నో ఊరందరికెరుక.
మా ఆయన ఎందుకొస్తలేడో
నాకంటే నెల ముందుగాల వాళ్లకే తెలిసింది.

నిరుడు ఆముదాలేసిన చెల్కల
ఇప్పుడు పసుపు రంగు రాళ్లు మొలిచినయి.
"పట్నం గంటన్నర" అని పెద్ద బోర్డు.
ఆ గంటన్నర ఎవరిదో.
మా నిరంజను బస్సుకు మూడు గంటలు.

ఫోన్ చెయ్యాల్నంటే ఏనుగుగుండు ఎక్కాలె.
పోయినేడు దసర ముందటి వానల
సక్రికి నొప్పులొచ్చిన రాత్రి
ఆమె మరిది లచ్చిరాం జారుకుంట జారుకుంట ఎక్కిండు.
అంబులెన్సు వచ్చింది.
వాగు అవతలికి వచ్చింది.
ఇవతల ట్రాక్టరు తొట్టిల, పట్ట కింద మేము.
దాని నీలం లైటు తిరిగి తిరిగి
నా చేతుల మీద పడ్తుండె.
తెల్లారంగ పుట్టిన ఆడపిల్ల
ఏడ్వలే.

ఎవ్వరేం అనలే నన్ను.
మూడోనాడు నా గడప మీద
గడ్డిల చుట్టిన సీతాఫలాలు, నాలుగు,
కండ్లు విచ్చినయి.
ఎవరు పెట్టిన్రో ఇప్పటికీ తెల్వది.
అనుంటే మంచిగుండు.
ఒక్కరన్న నా మీద చెయ్యెత్తి ఉంటే
అప్పుడే పోతుంటి.
ఇది పోవుడానికి కారణమా, ఉండుడానికా?

రేపు బుధవారం, సూదుల దినం.
టీకాల డబ్బ ఏడింటి బస్సుకే వస్తది.
మక్కచేన్ల అడివిపందులు దిగినట్టున్నయి,
ఎవరో రేకుడబ్బ కొడ్తున్నరు.
కరెంటు వచ్చింది, చూసింది, పోయింది.
ఫోన్ లైటు కింద
ఆరో గడిల రాసిన:
"పప్పు ఉడకదు."

ఇంకా ఒకటిన్నర గీత మిగిలే ఉంది.